టికికీ

యాభై రెండేళ్ళొచ్చినా ఆ బిల్డింగులో అందరికీ ఆవిడ చిన్నమ్మాయే. పెద్దమ్మాయి, అంటే వాళ్ళక్క, వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది కాబట్టి ఇంకా చిన్నేమిటి, పెద్దేమిటి? అయినా పిలుపులు అంత తొందరగా వదులుతాయా! మూడో అంతస్తులో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, డాక్టర్లు గొణిగి పంపిన మాటలను టైపు చేయడం ఆవిడ పని. రోజంతా చెవిలో మనుషుల గొంతులే. తనతో మాట్లాడే గొంతు మాత్రం ఒక్కటీ లేదు. నాలుగింటికి హెడ్‌ఫోన్లు తీసి, కిర్రుమనే కిటికీ తెరిచి, ఒక్కతే టీ తాగుతుంది.

గొడవ మెట్ల గురించి వచ్చింది. లిఫ్టు లేదు, మోకాళ్ళు అరిగిపోయాయి, నేల మీదున్న ఇల్లేదైనా చూసుకుందాం పదవే అని అక్క ఏడాది పాటు బతిమాలింది. చిన్నమ్మాయి పుట్టి పెరిగిన ఇల్లు వదలనని మొండికేసింది. చివరికి ఒకరోజు నోరు జారింది.

"మోకాళ్ళు ఒక సాకు. నన్ను వదిలించుకోవాలనే కదూ?"

అక్క సంచీ సర్దుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయింది. రెండు వీధుల అవతల ఉంటోందని తెలుసు. కానీ ఫోన్ చేయడానికి ఇద్దరికీ నామోషీ. ముందు చేసినవాళ్ళు తగ్గినట్టు కదా! అంతటి రోషగత్తెలు మరి.

ఇదిలా ఉండగా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి నుంచి పని చేసేవాళ్ళంతా తమ వైఫై ఇంకెవరైనా వాడుతున్నారేమో చూసుకోవాలి, రోగుల సంగతులు బయటికి పొక్కకూడదు అని. అందులో చెప్పినట్టే ఆవిడ ఫోన్లో జాబితా తెరిచింది. తన కంప్యూటరు, తన ఫోను. మూడోది, 'తెలియని పరికరం'. మూడు రోజులు కాపు కాసింది. ఆ మూడోది సరిగ్గా నాలుగింటికి వస్తోంది, ఐదింటికి పోతోంది. కింది వాటా పళ్ళ డాక్టరును అనుమానించింది. పక్కింటి కొత్త జంటను అనుమానించింది. పాపం వాళ్ళకు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే తీరిక లేదు, ఈవిడ వైఫై వాళ్ళకెందుకు?

వైఫై మెకానిక్‌ను పిలిపించింది. ఆయన మూడంతస్తులూ ఎక్కి, గుమ్మంలోనే కూలబడి, రోజూ ఎలా ఎక్కుతారమ్మా ఇవన్నీ అని రొప్పాడు. చిన్నమ్మాయి ఆ మాట విననట్టే మంచినీళ్ళిచ్చింది. ఆయన కిటికీ గట్టు మీదున్న రూటరును అటూ ఇటూ తిప్పి చూశాడు. పాస్‌వర్డు మార్చేస్తే దొంగ చచ్చినట్టు పోతాడన్నాడు.

"ఈ లోకంలో ఇంకెవరికీ తెలియని మాట పెట్టండమ్మా."

ఆయన వెళ్ళాక ఆవిడ చాలాసేపు ఆలోచించింది. ఎవరికీ తెలియని మాట తన దగ్గర ఒకటుంది. చిన్నప్పుడు నోరు తిరగక కిటికీని టికికీ అనేది. తియ్యమని మారాం చేస్తూ ఎప్పుడూ రెండుసార్లు, "టికికీ టికికీ" అనేది. దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, హమ్మయ్య అనుకుంది.

మర్నాడు నాలుగైంది. జాబితాలో రెండే ఉన్నాయి. చెప్పొద్దూ, దొంగ పోయినందుకు ఆవిడకు సంతోషం కలగలేదు. ఇల్లు మరీ బోసిగా అనిపించింది. నాలుగూ ఏడు నిమిషాలకు మూడోది మళ్ళీ వచ్చింది.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే, ఎవరికో చెప్పి మరిచిపోయుంటారమ్మా అన్నాడు. ఎవరికీ చెప్పలేదని గట్టిగా అనబోయింది. అక్కడే ఆపి ఫోన్ పెట్టేసింది. అమ్మ లేదు, నాన్న లేడు. ఆ మాట తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఇంకొక్కరే ఉన్నారు. ఈ ఇంటికి వైఫై పెట్టించింది కూడా అక్కే.

కిటికీలోంచి తొంగి చూసింది. కింద సన్‌షేడ్ అడ్డం. దాని నీడలో ఒక అరుగుంది, వైఫై అందాలంటే అక్క అక్కడే కూర్చుని ఉండాలి, కానీ పైకి కనబడదు. పరుగెత్తుకుని వెళ్తే? తనను చూసి అక్క లేచి వెళ్ళిపోతే? వైఫై పేరు మారిస్తే కింద ఫోన్లో కనబడుతుందని తట్టింది. 'అక్కా, ఆ రోజు తప్పుగా అన్నాను, పైకి రావే' అని కొట్టింది. అన్ని అక్షరాలు పట్టవంది రూటరు. కొంత కోసింది, పట్టలేదు. ఇంకా కోసింది. చివరికి పట్టింది రెండే మాటలు. 'అక్కా రా'.

వెళ్ళి తలుపు బార్లా తెరిచి పెట్టింది. మెట్ల మీద అలికిడి లేదు. పది నిమిషాలైంది. రాదు, ఎందుకొస్తుంది, నేనన్న మాటకు ఎవరైనా వస్తారా అని కళ్ళు తుడుచుకుంటూ జాబితా చూసింది. మూడోది ఉంది. కానీ ఇప్పుడది తెలియని పరికరం కాదు. అక్క తన ఫోను పేరు మార్చింది.

'మెట్లెక్కలేను. నువ్వే దిగు'.

చిన్నమ్మాయి చెప్పులు కూడా వేసుకోకుండా దిగింది. అరుగు మీద అక్క కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన చేతికర్ర. ఆ కర్ర ఎప్పుడొచ్చిందో చెల్లెలికి తెలియదు.

"ఎందుకొస్తున్నావు రోజూ?" అంది, ఇంకేం అనాలో తోచక.

"నాలుగింటికి కిటికీ తీస్తావుగా. ఆ చప్పుడు వినిపిస్తే బాగానే ఉన్నావనుకుని, మోకాళ్ళ నొప్పి తగ్గేదాకా ఓ గంట కూర్చుని వెళ్ళిపోతాను. ఊరికే ఏం కూర్చుంటానని ఫోన్ చూసుకునేదాన్ని. ఇందాక నెట్టు రాకపోయేసరికి, ఇక నన్ను రావద్దంటున్నావనుకున్నాను."

"మరి ఎలా కనుక్కున్నావు?"

"అమ్మ పేరు కొట్టాను. నాన్న పేరు కొట్టాను. ఈ ఇంట్లో ఇంకేం మిగిలిందే, నీ టికికీ తప్ప?"

చిన్నమ్మాయి పక్కన కూర్చుని అక్క మోకాలి మీద చెయ్యి వేసింది. చీర మీంచి కూడా ఎంత వాచి ఉందో తెలిసింది. చెయ్యి తీయలేదు.

"సాకు కాదు కదక్కా," అంది.