అంకెలు చెబుతూ చచ్చిన హీరో

చచ్చినవాళ్ల జాబితా నా చేతికిచ్చిన రోజు కూడా పళ్ల డాక్టరు నెత్తి మీద కౌబాయ్ టోపీ ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పొద్దుటి నుంచీ పేషెంట్ల నోళ్లలో చేతులు పెట్టి, మధ్యాహ్నం కాగానే క్లినిక్ వెనక గదిలో ఆ టోపీ తగిలించుకుని కూర్చుంటాడు. ఒకప్పుడు యూరప్‌లో తీసిన కౌబాయ్ సినిమాలంటే పడిచచ్చే ముసలాళ్లంతా చేరి ఒక క్లబ్బు పెట్టుకున్నారు, దానికి ఆయనే ప్రెసిడెంటు. అమెరికా మొహం చూడనివాళ్లు తీసిన అమెరికా సినిమాలు అవి. ఏటా ఒక ఆదివారం హాలు తీసుకుని, ఆ ఏడాది పోయిన నటులనీ, పనివాళ్లనీ తలుచుకుంటారు. పేరు చదువుతారు, వాళ్ల సినిమా ముక్కొకటి వేస్తారు, చప్పట్లు కొడతారు.

జాబితా పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. పదకొండు మంది మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు, రెండు గుర్రాలు. మా ఆయన పేరు లేదు.

ఆ సినిమాలు ఎలా తయారయ్యేవో ఇప్పటివాళ్లకి తెలియదు. సినిమాలో వాడే శబ్దం షూటింగులో తీసుకునేవాళ్లే కాదు. నలుగురు నటులుంటే నాలుగు భాషలు, ఒకడి మాట ఇంకొకడికి అర్థం కాదు. పెదాలు ఆడిస్తే చాలు. ఆ తర్వాత బొమ్మంతా మా స్టూడియోకి వచ్చేది. అక్కడ చప్పుళ్లు చేసేదాన్ని నేను. ఇసక తొట్టెలో బూట్లేసుకుని నడిచేదాన్ని, తడి తువ్వాలుతో తోలు కుర్చీని బాది గుద్దులు తెప్పించేదాన్ని, తాళాల గుత్తిని మడమకి కట్టుకుని విలన్ నడక నడిచేదాన్ని. పక్క గదిలో మా ఆయన గొంతు ఇచ్చేవాడు. అయిదడుగుల మనిషి, బట్టతల, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుండేది. ఆరడుగుల హీరో ఒకాయన ఉండేవాడు, గోడకి జారగిలబడి నిలబడితే చాలు, ఆడవాళ్లు హాల్లోంచి లేచేవాళ్లు కాదు. నలభై సినిమాల్లో ఆయన నోరు కదిలితే వచ్చింది మా ఆయన గొంతే.

టైటిల్స్‌లో మా ఆయన పేరు వెయ్యలేదు. వేస్తే హీరో పరువు పోతుందని నిర్మాతల బాధ. కెమెరామన్ నుంచి మంగలి దాకా అందరికీ అమెరికా వాళ్ల పేర్లలాంటి దొంగపేర్లు తగిలించారు, మా ఆయనకి దొంగపేరు కూడా దక్కలేదు. ఆయన నవ్వేసేవాడు. "నా మొహం చూస్తే టిక్కెట్టు కొంటారటే?" అనేవాడు. ఏటా క్లబ్బుకి వెళ్లి, ఎవరెవరి పేర్లకో చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టి వచ్చేవాడు. నేను వెళ్లేదాన్ని కాదు. ఆ బొజ్జల మీద పిస్తోలు బెల్టులు చూస్తే నాకు పరమ వెగటు.

పోయిన ఏడాది ఆయన గొంతుకే జబ్బు చేసింది. కోసి తీసేశారు. ఆ తర్వాత ఏం కావాలన్నా నోటుపుస్తకంలో రాసి చూపించేవాడు. మంచినీళ్లు, దుప్పటి, కిటికీ, అంతే. చివరి వారంలో ఒకరోజు మాత్రం పెద్ద వాక్యం రాశాడు. వచ్చేసారి క్లబ్బులో నా పేరు చదువుతారేమో కనుక్కో, అని. రాసి, సిగ్గుపడి, పుస్తకం మూసేశాడు. నలభై ఎనిమిదేళ్ల కాపరంలో నన్ను ఆయన తనకోసం నోరు తెరిచి ఏదీ అడిగింది లేదు. అడిగిన ఒక్కటీ నోరు లేకుండా అడిగాడు.

ఆయన పోయిన నాలుగు నెలలకి హీరో పోయాడు. పేపర్లో సగం పేజీ వేశారు. ఆ గంభీర స్వరం నేడు మూగబోయింది, అని పైన పెద్ద అక్షరాలు. నేడట! ఆ స్వరం మూగబోయాక, దాని తాలూకు బట్టలు మడతపెట్టి, మందు సీసాలు బయట పారేసి, నేనొక్కదాన్నీ నాలుగు నెలలుగా ఆ ఇంట్లో కూర్చుని ఉన్నాను. పేపరు ఉండచుట్టి చెత్తబుట్టలో కుక్కినా ఒళ్లు మంట చల్లారలేదు.

అందుకే డాక్టరు దగ్గరకి వెళ్లాను. జాబితా చూసి, మా ఆయన పేరు లేదేమని అడిగాను. ఆయన టోపీ సర్దుకున్నాడు. తెర మీద కనిపించినవాళ్లు ఒక విభాగమట, తెర వెనక పనిచేసినవాళ్లు ఒక విభాగమట, గొంతు ఏ విభాగంలోకీ రాదట. పైగా టైటిల్స్‌లో పేరుండాలన్నది క్లబ్బు నియమమట. గుర్రాల పేర్లు ఏ టైటిల్స్‌లో ఉన్నాయని అడిగాను.

"గుర్రాల సంగతి వేరు అక్కయ్యగారూ, సభ్యులు అడుగుతారు" అన్నాడు. మొహాన ఏ భావమూ లేదు. మనిషి నిజంగానే అలా అనుకుంటున్నాడని అర్థమయ్యాక నాకు కోపం కాదు, అసహ్యం వేసింది.

రెండోసారీ వెళ్లాను. రెండోసారీ అదే పాట. అయితే ఈసారి ఆయనకే నాతో పని పడింది. సభలో వెయ్యబోయే హీరో చావు సీను క్లబ్బు దగ్గరున్న కాపీలో శబ్దం గీతలు పడి గరగరమంటోందట. స్టూడియో మూసేసినప్పుడు పారేసిన టేపులన్నీ మా ఆయన ఇంటికి మోసుకొచ్చాడని ఎవరో చెప్పారట. మంచి టేపు ఉంటే శుభ్రం చేసి ఇస్తారా, ఆ రోజు హాల్లో సౌండు కూడా మీరే చూసుకుంటారా, అన్నాడు. గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు. ఛీ అనబోయి నోరు నొక్కుకుని సరేనన్నాను.

టేపు దొరికింది. దాని అడుగున ఇంకో టేపు దొరికింది. సెట్లో పెదాల కదలిక గుర్తు కోసం చవక మైకుతో ఒకటి రికార్డు చేసేవాళ్లు, డబ్బింగ్ అవగానే పారేసేవాళ్లు. షూటింగు నాటికి చాలాసార్లు మాటలే రాసి ఉండేవి కావు. ముందు తీసెయ్యడం, మాటలు తర్వాత. నటుడు ఊరికే అంకెలు చెప్పేవాడు, ఆ పెదాలకి సరిపడా మాటలు తర్వాత కూర్చేవాళ్లు. అది ఎవరి తప్పూ కాదు, పని జరిగే తీరే అది. ఆ టేపులో హీరో తన సొంత గొంతుతో నలభై ఒకటి, నలభై రెండు అంటూ చచ్చిపోతున్నాడు. సన్నటి గొంతు, ఏడో తరగతి పిల్లాడి గొంతులా పైకి లేచి విరుగుతుంది. మధ్యలో డైరెక్టరు అరుపు, నెమ్మదిగా చావవయ్యా, నలభై మూడు దగ్గర కళ్లు మూయాలి, అని.

ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు. ఏం చెయ్యాలో అప్పుడే తట్టింది.

ఆదివారం పొద్దున పదకొండింటికి హాలు నిండింది. ప్లాస్టిక్ కుర్చీలు, వాటి నిండా టోపీలు. ఒకాయన మడమలకి గుర్రాన్ని అదిలించే నిజం ఇనప చక్రాలు తగిలించుకుని టైల్స్ మీద గీరుకుంటూ తిరుగుతున్నాడు. ఆ చప్పుడుకి నా పళ్లు జివ్వుమన్నాయి, నా తాళాల గుత్తి వెయ్యి రెట్లు నయం. చనిపోయినవాళ్లని తలుచుకోవడానికి వచ్చినవాళ్లు ఒకళ్లనొకళ్లు వేళ్లతో కాల్చుకుని కుర్చీల మీద పడి చస్తున్నారు. ఎంత చావుని ఎంత తేలిక చేశారురా, అనుకున్నాను. నా బల్ల హాలు వెనక. లాప్‌టాప్, శబ్దం పెంచే తగ్గించే మీటలు రెండు. ఒక మీట మీద మా ఆయన, ఒక మీట మీద హీరో.

మొదటి వరసలో హీరో కూతురు కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, బూడిదరంగు కోటు, ఒళ్లో చేతిసంచి. క్లబ్బువాళ్లు జ్ఞాపిక ఇస్తామని పిలిచారట. ఆవిణ్ని చూశాక నేను ఆగిపోయి ఉండొచ్చు. ఆగలేదు. మీ నాన్న మా ఆయన్ని ఒక్కసారైనా పలకరించాడా అని మనసులోనే కసురుకున్నాను. మా ఆయన ఒకసారి ఉత్తరం రాస్తే జవాబు కూడా ఇవ్వలేదు. క్లబ్బు ఎన్నిసార్లు పిలిచినా హీరో ఆ గడప తొక్కలేదు. అంత పొగరు.

పేర్లు చదివారు. ముక్కలు వేశారు. గుర్రాలకి లేచి నిలబడ్డారు. చిట్టచివర హీరో.

తెర మీద ఆయన గోడకి చేరగిలబడ్డాడు, చొక్కా నిండా రక్తం. ఆ సీనులో మాటలు వీళ్లందరికీ కంఠతా. నా టోపీ తీసి నా మొహం మీద కప్పు, ఎండ కళ్లలో పడుతోంది, అని. హాలంతా ఆ మాట తనూ అనడానికి ఊపిరి పీల్చుకుంది. నేను మా ఆయన మీట దించి, రెండోది ఎత్తాను.

"నలభై ఒకటి" అన్నాడు హీరో, కీచుగా. "నలభై రెండు..."

నోళ్లు పడిపోతాయనుకున్నాను. తాము ఇన్నేళ్లు ఎవరిని విన్నామో తెలిసి సిగ్గుపడతారనుకున్నాను. నవ్వారు. ముందు వెనక వరసలో ఒకడు, తర్వాత హాలు మొత్తం. పొట్టలు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, కీచుగొంతు అనుకరించి మరీ నవ్వారు. చనిపోయిన మనిషి సంస్మరణ సభ అది. ఇనప చక్రాలాయన "ఇదెక్కడి గొంతు, అసలు గొంతు పెట్టండి" అని అరిచాడు. అందరూ అందుకున్నారు. అసలు గొంతు, అసలు గొంతు, అని కుర్చీలు చరిచారు.

డాక్టరు టోపీ చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చెమటలు కారిపోతున్నాయి. అక్కయ్యగారూ, పరువు తీశారు, వెంటనే అసలుది పెట్టండి, అన్నాడు.

"అసలుది ఎవరిదో మైకులో చెప్పి రండి. పేరు చదివాకే మీట ఎత్తుతాను" అన్నాను.

నియమం అన్నాడు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. హాలు ఇంకా చరుస్తూనే ఉంది. ఆయన ఒకసారి వాళ్లకేసి, ఒకసారి నాకేసి చూశాడు. పెన్ను తీసి, జాబితా వెనక నేను చెప్పిన పేరు రాసుకుని, వేదిక ఎక్కి చదివాడు. ఇంటిపేరుతో సహా చదివాడు. ఈ గొంతు ఈయనది, ఈ ఏడాదే పోయారు, అన్నాడు. హాలు చప్పట్లు కొట్టింది. గుర్రాలకి కొట్టినంత కొట్టలేదు, అయినా కొట్టింది.

మీట ఎత్తాను. నా టోపీ తీసి నా మొహం మీద కప్పు, అన్నాడు మా ఆయన. కోసి తీసెయ్యకముందటి గొంతు. హాలంతా ఆయనతో కలిసి అంది. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. కనుక్కోమన్నావుగా, చదివారు, అని చెప్పుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంత హాయిలోనూ ఆ జనం మీద రోత మాత్రం పోలేదు.

సభ అయ్యాక వైర్లు చుడుతుంటే హీరో కూతురు వచ్చింది. ఎదురుగా నిలబడి చేతిసంచి జిప్పు తీస్తూ మూస్తూ ఉంది. తిడుతుందని సిద్ధమయ్యాను. రెండు మాటలు తిరిగి అనడానికి కూడా సిద్ధమయ్యాను.

"పిన్నిగారూ, మీ ఆయన పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన రాసిన ఉత్తరం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది" అంది. "నాన్న తన సినిమా టీవీలో వస్తే సౌండు తీసేసి చూసేవారు. జవాబు రాస్తే ఆయన ఫోన్ చేస్తారని భయం. ఫోన్‌లో తన గొంతు వింటారు కదా అని. ఇక్కడికి రమ్మంటే మాట్లాడమంటారని భయం. నా గొంతు వింటే నవ్వుతారమ్మా, అనేవారు."

మిగతాది ఆవిడ అనక్కర్లేదు, గంట క్రితం ఆ హాల్లో నేనూ ఉన్నాను, ఆవిడా ఉంది.

పొద్దుటి నుంచీ ఆ టోపీల వాళ్లని చూసి ఏ రోత పడ్డానో, అంతా నా మీదికే తిరిగింది. వాళ్లు నవ్వారు. నవ్వేందుకు వడ్డించింది నేను. తప్పయిందమ్మా అనబోయాను. ఆవిడ దానికోసం చూడటం కూడా లేదు.

"ఆ అంకెల టేపు నాకిస్తారా?" అంది.

సంచిలోంచి తీసి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకుని, వెళ్లొస్తానని చెప్పి బయటికి నడిచింది. దాచుకోవడానికా, పారెయ్యడానికా అని అడిగే మొహం నాకు లేకపోయింది.