ఆరు జతల గడి

రోడ్డు అంచున మోకాళ్ల మీద కూర్చుని పెద్దాయన సుద్దముక్కతో గడి గీస్తున్నాడు. మూడు మూరల పొడవు, అడుగు వెడల్పు. తడిసిన తారు మీద సుద్ద ఓ పట్టాన అంటదు. గీసిన గీతే మూడేసిసార్లు గీయాలి. తెల్లవారుజామున వీచిన గాలికి కొమ్మ విరిగిపడి, కరెంటు తీగ తెగి రోడ్డుకు అడ్డంగా పడుంది. కరెంటు తీసేశారు. అయినా పెద్దాయన తీగకు అటు నలభై అడుగులు, ఇటు నలభై అడుగులు కొలిచి కోన్లు నిలబెట్టాకే గడి దగ్గరికొచ్చాడు. ఆయన ఉద్యోగం అంతే. లైను పని సాగినంతసేపు ఎర్రజెండా పట్టుకుని బళ్లు ఆపాలి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. ఇవాళ్టితో ఆఖరు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య ఒక్కటే మాట అంది. "ఈ ఒక్కరోజూ సవ్యంగా దాటించు."

"కానివ్వండి," అన్నాడు పెద్దాయన లైన్‌మెన్‌తో, గీత ముగించి లేస్తూ.

ఆరుగురు లైన్‌మెన్ రబ్బరు బూట్లు తొడుక్కుని, విడిచిన చెప్పులు తెచ్చి గడిలో పెట్టారు. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, పెద్దాయన పెట్టిన రూలు. స్తంభం దిగినవాడు తన చెప్పులు తానే వచ్చి వేసుకోవాలి. గడి ఖాళీ అయ్యేదాకా కరెంటు ఇమ్మని చెప్పకూడదు. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెల నవ్వుతారు. ఆ తర్వాత నోరెత్తకుండా పెడతారు. ఆఖరున, అందరూ గడకర్ర అని పిలిచేవాడు వచ్చాడు. తాడిచెట్టులా ఎదిగిన మనిషి. ఎడమ చెప్పు పట్టీకి ఇనప తీగతో కుట్టు. ఆ చెప్పుల మడమలు గీత దాటి బయటికొచ్చాయి.

"నీ ఒక్కడికీ వేరే గడి గీయాలిరా," అన్నాడు పెద్దాయన, వాటిని వాలుగా సర్దుతూ.

మధ్యాహ్నం వచ్చి ముందు ఆగిన బస్సు డ్రైవరు గంటసేపు చాకిరేవు పెట్టాడు. పెద్దాయన కదల్లేదు. జెండా చాచి చాచి ఆయన కుడిచెయ్యి ఎడమచేతి కంటే ఒక ఛాయ నల్లబడింది. పొగ మింగి మింగి గొంతు బొంగురుపోయింది.

"చచ్చిన తీగకు ఇంత మర్యాదేంటయ్యా? పక్కనుంచి పోనీ," అన్నాడు డ్రైవరు.

"చచ్చిందని నువ్వంటున్నావు. అది నాతో అనలేదు."

బస్సులో ఎవరో నవ్వారు. డ్రైవరు అద్దం ఎత్తేసుకున్నాడు.

మూడు గంటలకు తీగ మళ్లీ పైకెక్కింది. సన్నగా జల్లు మొదలైంది. రోడ్డు చివరి ఆసుపత్రి నుంచి అప్పటికి నాలుగోసారి ఫోను వచ్చింది, జనరేటర్లో డీజిలు ఇంకో పావుగంటకే సరిపోతుందని. ఇంజనీరమ్మ చిన్నపిల్ల, ఈ పనికి కొత్త. అవతల సబ్‌స్టేషన్‌లో మనిషి స్విచ్చి మీద చెయ్యేసుకుని ఉన్నాడు.

"అందరూ దిగారా?" అంది.

"దిగారమ్మా. ఆరు హెల్మెట్లు. లెక్కపెట్టాను," అన్నాడు లైన్‌మెన్‌ను నడిపే మేస్త్రి.

"ఒక జత ఉంది," అన్నాడు పెద్దాయన.

గడిలో వాలుగా, గడకర్ర చెప్పులు.

"బూట్లతోనే ఏ టీకొట్టుకో పోయుంటాడు. వాడి మతిమరుపు నీకు తెలీదా?" మేస్త్రి విసుక్కున్నాడు. "అక్కడ ఆసుపత్రిలో ప్రాణాలమ్మా. ఈయన చెప్పులు పట్టుకు వేలాడుతున్నాడు. ఆఖరి రోజున ఈ చాదస్తం ఎందుకు పెద్దాయనా?"

పెద్దాయనకు భయం వేసింది. ఆసుపత్రి మాట అబద్ధం కాదు. కానీ ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఇలాంటి రోడ్డు మీదే, సొంత అన్న స్తంభం మీద ఉండగా కరెంటు వచ్చింది. అందరూ దిగారా అని అడిగితే ఎవరో 'ఆ' అన్నారు. ఆ ఎవరో ఎవరన్నది ఈనాటికీ తేలలేదు. స్తంభం మొదట్లో అన్న చెప్పులు అలాగే ఉన్నాయి. అందరూ వాటిని దాటుకుని తిరిగారు. తనూ దాటాడు. వాటిని కాగితంలో చుట్టి వదిన చేతికిచ్చిందీ తనే. ఆ తర్వాత మొదలైందే ఈ గడి.

ఆయన వెళ్లి గడి పక్కన నిలబడ్డాడు.

"ఈ చెప్పుల్లో కాళ్లు పడందే కరెంటు పడకూడదమ్మా. నన్ను తిట్టండి, నా మీద పైవాళ్లకు రాసి పంపండి. నేను మాత్రం జెండా దించను."

ఇంజనీరమ్మ ఆ చెప్పుల వంక చూసింది. ఫోను చెవికి ఆనించింది. "ఆగండి. నేను మళ్లీ చెప్పేదాకా ముట్టుకోవద్దు," అంది సబ్‌స్టేషన్ మనిషితో. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "మళ్లీ లెక్కపెట్టండి. ఈసారి మొహాలు చూసి."

మేస్త్రి ఒక్కొక్కరి ముందుకీ వెళ్లాడు. ఆరో హెల్మెట్ కింద, వాళ్లను తీసుకొచ్చిన వ్యాను డ్రైవరున్నాడు. జల్లుకు తల తడుస్తుందని వ్యానులో పడున్నది తీసి పెట్టుకున్నాడట.

మేస్త్రి ఆ హెల్మెట్ లాగేశాడు. "ఒరేయ్ గడకర్రా," అని అరుస్తూ మలుపు వైపు పరుగెత్తాడు. పెద్దాయన ఈల ఊదాడు, ఊపిరున్నంతసేపూ ఊదాడు. మలుపు అవతల, చెట్ల చాటున, మూడో స్తంభం మీద నుంచి తాపీగా జవాబొచ్చింది.

"వస్తున్నా, వస్తున్నా. ఇక్కడ తీగను పట్టుకునే పింగాణీ పగిలుంటే మారుస్తున్నా. ఎందుకా కంగారు?"

ఆరు నిమిషాల్లో దిగివచ్చాడు, పగిలిన పింగాణీ ముక్కలు చేత్తో పట్టుకుని. బూట్లు విప్పి, గడిలోంచి చెప్పులు తొడుక్కున్నాడు. "ఏమైంది, అందరూ అలా ఉన్నారు?" అన్నాడు. మేస్త్రి వాడి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇప్పుడు ఇవ్వండి," అంది ఇంజనీరమ్మ ఫోన్లో.

రోడ్డు చివర ఆసుపత్రి బోర్డు వెలిగింది. ఆర్పడం మర్చిపోయిన వీధిదీపాలు పట్టపగలే వరసగా వెలిగాయి. బస్సులో ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత బస్సంతా కొట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన జెండాకు ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. పెద్దాయనకు కడుపు నిండిపోయింది. జెండా దించి, గుడ్డ చుట్టి మేస్త్రికిచ్చాడు.

"ఆ సుద్దముక్క కూడా ఇవ్వు పెద్దాయనా," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

ఇచ్చాడు. ఇందాక తిట్టిన బస్సు డ్రైవరే తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు బాబాయ్, ఇంటి దగ్గర దింపుతా."

కిటికీ పక్కన కూర్చుని భార్యకు ఫోను చేశాడు.

"అందరూ వేసుకున్నారా?" అంది ఆవిడ.

"వేసుకున్నారు. వచ్చేస్తున్నా."

బస్సు కదిలింది. రోడ్డు అంచున సుద్దగడి ఇంకా చెరగలేదు. అందులో ఒక్క జత చెప్పులు కూడా లేవు.