మూడు కుండలు

నేను ఎమ్మెల్యేగా పనిచేసింది ఇరవై రెండు నెలలు. మండపేటలో ఇప్పటికీ ఎవరైనా నన్ను ‘మాజీ ఎమ్మెల్యే దొరబాబుగారు’ అని పరిచయం చేస్తే చేతులు జోడిస్తాను. ఆ పదవి ఎలా వచ్చిందని అడిగితే మాత్రం మాట మార్చేస్తాను. ఇవాళ మార్చదల్చుకోలేదు. నా గురించి మంచిగా అనుకునేవాళ్ళు ఇంకా నలుగురైదుగురు మిగిలారు, వాళ్ళకీ తెలియనివ్వండి.

మా పెదనాన్న కొడుకు వీరవెంకటసత్యనారాయణ మా నియోజకవర్గానికి రెండుసార్లు ఎమ్మెల్యే. తొంభైల్లో ఒక వేసవి ముందు, అసెంబ్లీ సమావేశాలకని హైదరాబాదు వెళ్ళినవాడు గుండెపోటుతో పోయాడు. శవాన్ని తీసుకొచ్చాం. వదిన అంతకు ముందే కాలం చేసింది, పిల్లల్లేరు. తమ్ముణ్ణి కాబట్టి తలకొరివి నేనే పెట్టాను.

పెద్దమ్మ అచ్చాయమ్మకి అప్పటికి డెబ్బై దాటాయి. కొబ్బరితోట చూసి రావడానికి సముద్రం వైపు వెళ్ళిన పెదనాన్న ఎప్పుడో ఒక తుపానులో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. అందుకని శ్మశానం నుంచి వచ్చిన నన్ను గుమ్మంలోనే ఆపి ఒక్క మాట అడిగింది.

“ఆయన్ని గోదాట్లో కలుపుకునే రాత నాకు లేకపోయిందిరా దొరబాబూ. వీణ్ణైనా పదో రోజుకి రాజమండ్రిలో కలిపెయ్యాలి. నువ్వు మాటియ్యి.”

ఇచ్చాను. చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చాను.

మూడో రోజు అస్థికలు ఏరి, చితి బూడిదతో కలిపి కొత్త కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టాం. ఆ కుండని ఇంట్లోకి తీసుకురాకూడదు కదా, మా రైసుమిల్లు షెడ్డులో పెట్టించాను. మైల అని మిల్లు మూసేశాం. ఆ మధ్యాహ్నమే పార్టీ పరిశీలకుడు గోపాలకృష్ణమూర్తిగారు కారు దిగాడు. సన్నగా, గంజి పెట్టిన చొక్కాతో, ఎక్కడికి వెళ్ళినా కాఫీలో పంచదార వద్దనే మనిషి. అన్నయ్య ఫొటోకి దండ వేసి, నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

“ఆర్నెల్లలోపు ఉప ఎన్నిక పెట్టాలండి. మామూలు ఎన్నికలైతే రెండొందల తొంభై నాలుగు చోట్ల జరుగుతాయి, ఎక్కడ ఏమైందో ఎవరికీ పట్టదు. ఉప ఎన్నికకి రాష్ట్రమంతా మీ ఒక్క ఊరి వైపే చూస్తుంది. ఓడిపోతే ప్రభుత్వం పడిపోదు, నిజమే. కానీ జనం మనల్ని వద్దన్నారని మర్నాడు పేపర్లన్నీ రాస్తాయి. మనవాళ్ళు పదిమంది గోడ దూకుతారు. గెలిచామా, అవతలివాళ్ళు పదిమంది ఇటు దూకుతారు. అందుకండీ ఇంత కంగారు.”

“ఇప్పటినుంచీ ఎందుకండీ? నోటిఫికేషన్ రావాలి కదా?”

“సానుభూతి పాలలాంటిదండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే తోడెయ్యాలి. ఈ పది రోజులూ దాటితే మీ అన్నయ్యగారు ఫొటో అయిపోతారు.”

ఆయన ఆలోచన ఏంటంటే, అస్థికల్ని మూడు మండలాల్లో ఊరూరా తిప్పాలి. అరవై పైచిలుకు ఊళ్ళు, చేతిలో ఆరు రోజులు, మూడు జీపులు.

“కుండ ఒకటే కదండీ?” అన్నాను.

“మీది రైసుమిల్లే కదండీ?” అన్నాడు. నవ్వలేదు. “కుండ మోసినవాడికే టికెట్టు. పైనవాళ్ళ మాటే చెబుతున్నాను” అన్నాడు.

అన్నయ్య మీద నాకు ప్రేమ లేదని అనుకోకండి. కానీ ఇరవై ఏళ్ళు అతని జీపులో వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీటు ఖాళీ అయిందని ఒకడు చెప్పగానే లోపల ఏదో కదిలింది. ఆ కదిలినదాన్ని అప్పుడే తన్ని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మా మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే చిట్టియ్యని పిలిచాను. నమ్మకస్తుడు. ఇద్దరం కలిసి మరో రెండు కొత్త కుండల్లో ఊక బూడిద నింపి, మూడింటికీ పార్టీ రంగు గుడ్డలు కట్టాం. అసలు కుండకి మాత్రం రెండు ముళ్ళు వేశాను, నా గుర్తుకి, వాడికి చెప్పలేదు. “ఇది నా జీపులో ఉంటుంది, నువ్వు మూడో జీపు చూసుకో” అని చిట్టియ్యకి చెప్పాను. చేతులకి అంటిన బూడిద దులుపుకుంటూ వాడు తలూపాడు.

నాలుగో రోజు పొద్దున్న మంత్రిగారొచ్చారు. మిల్లు ముందు బల్ల మీద మూడు కుండలూ పెట్టాం. మహిళా విభాగంవాళ్ళు కుండలకి దండలు వేశారు, ఒకటి కాదు, మూతులు కనపడనంత. మంత్రిగారు కెమెరాల కోసం ఒక్కో కుండా తన చేత్తో ఎత్తి ఒక్కో జీపులో పెట్టారు. ఏది ఎందులోకి వెళ్ళిందో నాకు తెలియలేదు. దండలు తీసి ముళ్ళు చూడాలి. నోరు తెరిచాను కూడా. కానీ అక్కడ పదిమంది విలేకర్లున్నారు, ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? ఒక గుడ్డ ఊడిందంటే ఊక బూడిద బయటపడుతుంది. గోపాలకృష్ణమూర్తిగారు “ఎక్కండి, ఎక్కండి” అన్నాడు. ఎక్కేశాను.

ఆ ఆరు రోజులూ జనం ఏడ్చారు. అది నటన కాదు. ఒక ఊళ్ళో ఒక ముసలాయన కుండ మీద చెయ్యి వేసి, “మా కాలవకి లాకు కట్టించావు బాబూ, నీళ్ళు చూడకుండానే పోయావా” అని కూలబడిపోయాడు. నేనూ ఏడ్చాను. నా ఒళ్ళో ఉన్నది అన్నయ్యే అని నాకు నేనే చెప్పుకున్నాను. దారిలో విప్పి చూద్దామంటే చుట్టూ ఎప్పుడూ మనుషులే. అదొక్కటే కారణం కాదు లెండి. చూడాలంటే భయమేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి మిల్లుకి తిరిగొచ్చి, షెడ్డు తలుపు వేసుకుని నా కుండ విప్పాను. ఊక బూడిద. రెండో జీపు వచ్చేదాకా నిలబడే ఉన్నాను. అదీ ఊక బూడిదే. అయితే మూడోది చిట్టియ్య దగ్గరుంది, బతికిపోయాననుకున్నాను.

చిట్టియ్య నాలుగింటికి వచ్చాడు. చంకలో కుండ ఉంది. శుభ్రంగా కడిగి ఉంది.

“అన్ని ఊళ్ళూ అయిపోయాయండి. కుండ కొత్తది కదండీ, పారెయ్యడం ఎందుకని తోమేసి తెచ్చానండి. మిల్లులో మంచినీళ్ళకి పనికొస్తుంది.”

“లోపలిది ఏం చేశావురా?”

“ఎక్కడ పోస్తామండి, మన బూడిద గోతిలోనే పోసేశానండి. వచ్చేదారే కదండీ.”

“లోపల ఏమీ కనపడలేదా?”

“పెళ్ళలున్నాయండి. బాయిలర్లో గడ్డకడతాయి కదండీ, అవేననుకున్నాను.” నా మొహం చూసి ఆగిపోయాడు. “బాబుగారూ, అసలుది మీ జీపులో ఉంటుందన్నారు కదండీ?”

వాడు కుండ కింద పెట్టి, రెండు చేతులతో తల బాదుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా అన్నయ్య పాత చొక్కాలు తొడుక్కున్న మనిషి.

ఇద్దరం గోతి దగ్గరికి పరిగెత్తాం. ఊరవతల, మురుగుకాలవ పక్కన ఉంటుంది. చుట్టుపక్కల మిల్లులన్నిటి బూడిదా ట్రాక్టర్ల మీద తోలేది అక్కడికే. మేం వెళ్ళేసరికి ఇంకో ట్రాక్టరు దింపి వెళ్ళిపోతోంది. చిట్టియ్య మోకాళ్ళ లోతు దిగి చేతులతో తవ్వాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. ఇంతలో గోపాలకృష్ణమూర్తిగారి మనిషొచ్చి, రేపు రేవు దగ్గరికి హైదరాబాదు నుంచి ప్రెస్సు వస్తోంది, మాట్లాడాలి, రమ్మన్నారు అన్నాడు. చిట్టియ్యని నోరు మూసుకోమని చెప్పి వెళ్ళిపోయాను.

పదో రోజు రాజమండ్రి కోటిలింగాల రేవులో నా చేతిలో ఉన్నది నా జీపు కుండ. పంతులుగారు మంత్రం మొదలుపెట్టబోతుంటే పెద్దమ్మ, “ఒక్కసారి ఇటియ్యరా, వాణ్ణి చూసుకుంటాను” అంది. ఇవ్వకుండా ఎలా ఉంటాను? ఆవిడ గుడ్డ విప్పి లోపల చెయ్యి పెట్టింది. కలియబెట్టింది. చెయ్యి బయటికి తీసి, బొటనవేలితో వేళ్ళు రుద్ది చూసుకుంది. జీవితమంతా ఊక బూడిదతో అంట్లు తోమిన మనిషి.

“వాడేడిరా?” అంది. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

“అమ్మగారూ, ఇటు చూడండి” అన్నారు ఫొటోగ్రాఫర్లు.

నేను కుండ లాక్కుని వంచేశాను. బూడిద మునగలేదు. నల్లగా తెట్టులా తేలి, మెట్లకి తగులుతూ చాలాసేపు అక్కడే ఉంది. మర్నాడు పేపర్లలో ‘దుఃఖంతో మూగబోయిన మాతృమూర్తి’ అని పెద్దమ్మ ఫొటో వేశారు. తర్వాత అదే మా పోస్టరు.

నాలుగు నెలలకి ఉప ఎన్నిక వచ్చింది. టికెట్టు నాకే ఇచ్చారు. మంత్రులు మా ఊళ్ళలోనే కాపురం పెట్టారు. ఆ నాలుగు నెలలూ పెద్దమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆఖరి సభకి ఆవిడ రాకపోతే లాభం లేదని గోపాలకృష్ణమూర్తిగారు పట్టుబట్టాడు. వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను.

“వస్తాను. మాట్లాడతాను కూడా. ముందు నా కొడుకుని ఎక్కడ పారబోశారో చూపించు” అంది.

చిట్టియ్యని వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. అప్పటి గొయ్యి ఇప్పుడు లేదు, నిండిపోయి రోడ్డుకన్నా ఎత్తుగా దిబ్బ అయింది. చిట్టియ్య ఏడుస్తూ ఒక తాడిచెట్టు మొదలు చూపించాడు. “ఇక్కడేనమ్మగారూ. నన్ను చంపెయ్యండి.” పెద్దమ్మ దిబ్బని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. సాయంత్రం సభలో మైకు ముందు నిలబడి, “మా దొరబాబుకి ఓటెయ్యండి” అని, అంతే, దిగిపోయింది. జనం గొల్లుమని ఏడ్చారు.

మర్నాటి నుంచి రోజూ చేట పట్టుకుని దిబ్బ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. చిట్టియ్య తవ్వి పోస్తాడు, ఆవిడ చెరుగుతుంది. ఊక బూడిద తేలిక, గాలికి ఎగిరిపోతుంది, బరువైనది చేటలో మిగులుతుంది. ఇంటికి తీసుకొద్దామని ఎంతమంది వెళ్ళినా లేవలేదు. కొడుకు పోయి మతి చలించిందని మా పార్టీవాళ్ళే ఊరంతా చెప్పారు. నేను కాదనలేదు.

పదకొండు వేల మెజారిటీతో గెలిచాను. ఊరేగింపు ఆ రోడ్డు మీదుగానే వచ్చింది. దిబ్బ దగ్గరికి రాగానే గోపాలకృష్ణమూర్తిగారు జీపు ఆపించి, “అమ్మగారిని ఎక్కించండి, ఫొటో బావుంటుంది” అన్నాడు. మెడలో దండలతో దిగి వెళ్ళాను. చెప్పులు బూడిదలో దిగబడ్డాయి. పెద్దమ్మ జుట్టు, కనురెప్పలు, చీర అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. నన్ను చూసి చేట కింద పెట్టి, కొంగు ముడి విప్పింది. నాలుగైదు చిన్న ముక్కలు. అరచేతిలో పోసి నా ముందుకి చాపింది.

“నాకు కళ్ళు ఆనడం లేదురా. వీటిల్లో వాడున్నాడా, అన్నీ పెళ్ళలేనా, చూసి చెప్పు.”

వంగి చూశాను. బూడిద రంగు ముక్కలు. ఎముకలో, పెళ్ళలో నాకు తెలియలేదు. వెనక డప్పులు మోగుతున్నాయి. ఈవిడ ఇక లేచి ఇంటికి వస్తే చాలనుకున్నాను, అది మాత్రం నిజంగా ఆవిడ కోసమే అనుకున్నాను.

“అన్నయ్యే పెద్దమ్మా. అన్నీ అన్నయ్యే” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది.

“నువ్వు చెబుతున్నావు కదరా” అని, ఆ ముక్కల్ని తిరిగి దిబ్బలో పోసేసి, చేట చేతిలోకి తీసుకుంది.