క్లిప్పులు పెట్టిన పేజీలు

అరగంట నుంచీ పుస్తకాల అరల మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పదహారేళ్లుగా ఈ లైబ్రరీలో పనిచేస్తున్నదాన్ని, ఎవరేం అడిగినా చిటికెలో తీసిచ్చేదాన్ని, సొంత అక్కకి ఒక్క పుస్తకం ఎంచలేకపోతున్నాను. ఆస్పత్రిలో చూడనిచ్చేది నాలుగింటి నుంచి ఐదింటి దాకానే. ఇప్పటికే మూడున్నర.

అక్కకి గొంతు ఆపరేషన్ అయి నెలన్నరైంది. ముక్కులోంచి గొట్టం, ఆహారమంతా అందులోంచే. గాయం మానింది, ఇక మింగొచ్చు అన్నారు. మొదటిరోజు చెంచాడు నీళ్లకే పొలమారి, ఊపిరాడక గిలగిల్లాడింది. అంతే! అప్పట్నుంచీ చెంచా కనిపిస్తే చాలు, మొహం తిప్పేస్తుంది. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ క్యాంటీన్లో నాలుగొందల మందికి వండిపెట్టిన మనిషి! మింగడం నేర్పించే డాక్టరమ్మ నిన్న నన్ను బయటికి పిలిచి చెప్పేసింది. శుక్రవారం లోపు మొదలుపెట్టకపోతే పొట్టకే గొట్టం వేస్తారట. ఆ తర్వాత మింగడం ఇంకా కష్టమట. ఈరోజు బుధవారం.

అసలు తప్పు నాది. తన మనసు తిండి మీదకి పోకుండా తేలిక నవలలు పట్టుకెళ్లేదాన్ని. తీరా చూస్తే ఏ నవల తెరిచినా ఎవరో ఒకరు తింటూనే ఉంటారు! ప్రేమించుకునేవాళ్లు తింటారు, హంతకుణ్ణి పట్టుకునేవాడు తింటాడు, ఆఖరికి దెయ్యం కూడా వంటింట్లోకే వస్తుంది. చిరిగిన పేజీలు ఇంకా చిరక్కుండా క్లిప్పు పెట్టి ఉంచడం మా పనిలో అలవాటు. ఆ చేత్తోనే బస్సులో కూర్చుని తిండి పేజీలన్నిటికీ తెరుచుకోకుండా క్లిప్పులు పెట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

నిన్న అక్క ఆ క్లిప్పులన్నీ మందుల గిన్నెలో పోసి నా ముందుకి తోసింది.

"నేను చదివింది ఈ పేజీలే. మిగతా కథ ఎవడిక్కావాలి? వంట పుస్తకం తే," అంది బొంగురు గొంతుతో.

"మతి పోయిందా అక్కా? నోట్లో చుక్క పొయ్యనివ్వవు, వంట పుస్తకం ఎందుకు?"

"తెస్తే తే, లేకపోతే రాకు."

అదీ సంగతి. లావుపాటి బొమ్మల పుస్తకం తీశాను. నోరూరి ఏడుస్తుందేమోనని మళ్లీ అరలో పెట్టేశాను. కేకులది తీశాను, పెట్టేశాను. టీలు, పళ్లరసాలది తీశాను. నీళ్లకే పొలమారిన మనిషికి ఇదా, నా మొహం! చివరికి సూపుల మీద సన్నటి పుస్తకమొకటి లాగి, రిజిస్టర్లో రాసేసి పరుగెత్తాను.

నాలుగో పేజీకే అక్క కళ్లు ఎర్రబడ్డాయి. "క్యారెట్ సూపులో ఇంత ఉప్పా? పైగా పాలు మొదట్లోనే పొయ్యమంటోంది. ఇది రాసినావిడ జన్మలో పొయ్యి వెలిగించిందా?" దిండు మీంచి లేచి కూర్చుంది. "రేపు రెండూ చేసుకురా. ఆవిడ చెప్పినట్టు ఒకటి, నేను చెప్పినట్టు ఒకటి."

"ఎవరు తాగడానికి?"

అక్క పేజీ తిప్పింది. మళ్లీ అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని నోరు మూసుకున్నాను.

గురువారం రెండు ఫ్లాస్కులతో వెళ్లాను. డాక్టరమ్మ అక్కని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచమని, ముందు అక్క చెప్పినట్టు చేసిన సూపే అరచెంచా పట్టింది. అక్క కళ్లు గట్టిగా మూసుకుని మింగింది. దగ్గు రాలేదు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

"ఎలా ఉంది అక్కా?"

నాలుకతో పెదాలు తడుముకుంది. "ఏమీ తెలియట్లేదే. వేడిగా ఉంది, అంతే."

రుచి తర్వాత రావొచ్చు, రాకపోనూవచ్చు అంది డాక్టరమ్మ మెల్లగా. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నాలుగొందల మంది నాలుకల సంగతి తెలిసిన మనిషికా ఈ గతి!

అక్క కళ్లు తుడుచుకుని ఫ్లాస్కు నా వైపు తోసింది. "నువ్వు తాగి చెప్పు."

తాగాను. "బాగుందక్కా."

"బాగుంది అంటే నాకేం తెలుస్తుంది, మొద్దూ! ముందేం తగిలింది? తర్వాతేం తగిలింది?"

"ముందు తియ్యగా... లోపల్నించి మిరియాల కారం మెల్లగా వస్తోంది. పాలు ఉన్నట్టే తెలియట్లేదు. ఉప్పు... ఉప్పు ఒక్క రవ్వ తక్కువేమో."

"ఊఁ, అలా చెప్పు," అని అక్క రెండో చెంచాకి నోరు తెరిచింది.