ఊఁగారి నోట్లో మూత

నీళ్ల తొట్టిలో ముంచిన టైరును అంగుళం అంగుళం తిప్పుతూ, బుడగ ఎక్కడ లేస్తుందా అని ఊఁగారు ముక్కు తడిసేంతగా వంగి చూస్తున్నాడు. ముందు పళ్ల మధ్య వాల్వు మూత ఉంది. బఠాణీ గింజంత నల్ల మూత. టైరు పని మొదలుపెట్టే ముందు దాన్ని విప్పి నోట్లో పెట్టుకుంటాడు, పని ముగిశాక తీసి బిగిస్తాడు. నేలమీద పెడితే దొర్లిపోతుంది, జేబులో వేస్తే చిల్లులోంచి జారిపోతుంది. నోటికి చిల్లు లేదు కదా! ముప్పై ఎనిమిదేళ్లుగా అదే వరస.

నోట్లో మూత పెట్టుకున్నవాడు ఏం మాట్లాడతాడు? "నట్లు బిగించావా?" "ఊఁ." "అన్నం తిన్నావా?" "ఊఁ." అలా అసలు పేరు అరిగి అరిగి, చివరికి ఊఁగారు మిగిలాడు. పెళ్లికి ఒప్పుకోవడం కూడా ఒక్క ఊఁతోనే కానిచ్చాడని షెడ్డులో చెప్పుకుంటారు. ఒకసారి పొరపాటున మూత మింగితే మూడు రోజులపాటు తుమ్మినా దగ్గినా లోపలి గాలి బయటికి రాలేదట. మొదటిది నిజమే. రెండోదానికి షెడ్డు యజమానే సాక్షి. ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం, ఆయన ఊఁగారికి స్వయానా బావమరిది.

మనిషి పొట్టి. మెడ భుజాల్లోకి దిగబడిపోయి ఉంటుంది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు నల్లబడి, మళ్లీ తెల్లబడనే లేదు. పొద్దుటినుంచీ ఎడమ భుజం రుద్దుకుంటూనే ఉన్నాడు. టైర్లు మోసిన భుజం నొప్పి పెట్టక ఏం చేస్తుందని ఎవరూ పట్టించుకోలేదు. ఆయనా పట్టించుకోలేదు.

బుడగ దొరికింది. అతుకు పడింది. మూత బిగిసింది. అప్పుడొచ్చింది జీపు.

తోలేది ఆయన కూతురే. కొండమీది ఊళ్లకు మందులు చేరవేసే ఆస్పత్రి జీపు అది. రాళ్లదారిలో బండి పొట్ట గీసుకుపోతోంది, పెద్ద టైర్లు వెయ్యి నాన్నా అని ఆమె అడిగింది, ఆయన వేశాడు. నాలుగూ దర్జాగా కూర్చున్నాయి. ఐదోదైన స్టెప్నీకి మాత్రం చోటు కుదరలేదు. వెనక తలుపుకు తగిలిస్తే ఆ బరువుకు బందులు చిట్లి తలుపు వేలాడింది. అందుకని పోయినసారి స్టెప్నీ లేకుండానే బయల్దేరింది. సగం దారిలో టైరు చీలింది. ఇంకో బండి వచ్చేసరికి పెట్టెలో ఐసు కరిగిపోయింది, పసిపిల్లల టీకా మందంతా పారబోయాల్సి వచ్చింది. పైన తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పొద్దుగూకేదాకా చూసి వెనక్కి వెళ్లిపోయారు.

ఆ సంగతి విన్న రోజునుంచి ఊఁగారికి అన్నం సయించడం లేదు. టైర్లు వేసిన చేతులు తనవే కదా.

"పన్నెండుకి మందులొస్తాయి నాన్నా. ఈసారి కూడా చెడిపోయాయంటే ఆ తల్లులు ఇంక రానే రారు" అంది కూతురు.

"బండి నెత్తిన కట్టేద్దాం" అన్నాడు బావమరిది.

"వాలులో పల్టీ కొడుతుంది మామయ్యా. అప్పుడు స్టెప్నీ కింద, నేను దానిమీద!"

ఊఁగారు జేబులోంచి పురికొస తీశాడు. టైరు ఎత్తు కొలిచి ముడివేశాడు. వెనక గుమ్మం ఎత్తు కొలిచి ఇంకో ముడి వేశాడు. టైరే నాలుగు వేళ్లు ఎక్కువ. లోపల ముందు సీట్ల వెనకాల ఇనప మందుల పెట్టె బోల్టులతో నేలకు బిగించి ఉంది. ఆ పెట్టెకూ వెనక తలుపుకూ మధ్య మిగిలిన చోటులో స్టెప్నీని పడుకోబెట్టడానికి లేదు. నిలబెడితేనే సరి.

"నాలుగు వేళ్లే కదా బావా, కోసేద్దామా? టైరువైనా సరే, నీవైనా సరే."

ఊఁగారు నవ్వలేదు. స్టెప్నీ పక్కన గొంతుక్కూర్చుని మూత విప్పి నోట్లో పెట్టుకున్నాడు. వాల్వు నొక్కి గాలంతా వదిలేశాడు. మెత్తబడిన టైరును మోకాలితో అదిమి చూశాడు. అణిగింది. ఇలాగే లోపలికి తోసి, అక్కడ గాలి కొడితే? కప్పుకీ నేలకీ మధ్య అదే బిగుసుకుంటుంది. బోల్టు అక్కర్లేదు, తాడు అక్కర్లేదు. ఆ మాట ఆయన పైకి అనలేదు. కళ్లు చెప్పాయి.

కూతురు పక్కన చతికిలబడింది. "నాన్నా, ఈసారి నువ్వూ రా. ఇన్నేళ్లుగా చక్రాల్ని పంపించడమేగానీ అవి ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా చూశావా?"

ఏటా అడిగే మాటే. ఏటా వచ్చే జవాబు ఊఁ. ఆ ఊఁకు 'తర్వాత చూద్దాంలే' అని అర్థం.

ఈసారి ఊఁగారు మూత నోట్లోంచి తీసి తొట్టి గట్టుమీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ స్టెప్నీతోపాటు నేనూ పడతానా అందులో?"

బావమరిది చేతిలోని పానా కాలిమీద పడింది. నొప్పి సంగతి మరిచిపోయి, "అమ్మాయీ, నువ్వు విన్నావా? లేక నాకే చెవులు మోగుతున్నాయా?" అన్నాడు.

కూతురు పకపకా నవ్వింది. "పడతావు నాన్నా. నువ్వెంత, పిడికెడు!"

"అయితే వస్తా" అని ఊఁగారు లేచి సబ్బునీళ్లు అందుకున్నాడు.

టైరు అంచుల నిండా సబ్బు పూశాడు. తానే మొదట వెనక గుమ్మంలోంచి జీపులోకెక్కి, మందుల పెట్టెకు వీపు ఆనించి కూర్చుని రెండు చేతులూ చాచాడు. బావమరిదీ కూతురూ భుజాలు పెట్టి తోశారు. టైరు గుమ్మంలో ఇరుక్కుంది, మూలిగింది, సర్రున లోపలికి జారింది. ఆయన దాన్ని నిలబెట్టి, వాల్వు తనవైపుకి తిప్పుకున్నాడు. కూతురు ముందు తలుపులోంచి గాలి గొట్టం అందించింది. కంప్రెసర్ దడదడలాడింది. టైరు కొద్దికొద్దిగా ఉబ్బి కప్పును తాకింది. రేకు కిర్రుమంది. లోపలినుంచి వేలి కణుపులతో మూడు దెబ్బలు వినిపించాయి, టక్ టక్ టక్. ఇంక చాలు అని అర్థం. బావమరిది కంప్రెసర్ ఆపేశాడు.

కూతురు స్టెప్నీమీద వెనకనుంచి ఒక్క తన్ను తన్నింది. వెంట్రుకవాసి కదల్లేదు. "అబ్బ! నాన్నా, గోడ కట్టేశావు!"

లోపలినుంచి మాట లేదు.

"బావా, లోపల కాపురం పెట్టావా ఏంటి? పరుపూ దిండూ పంపమని అక్కకు చెప్పనా?"

మాట లేదు.

"నోట్లో మూతుంది కదా మామయ్యా, ఎలా పలుకుతాడు? అది బిగించి, పెట్టె దాటి ముందునుంచి వస్తాడులే" అని ఆమె తలుపు బందులకు తీగ చుట్టడం మొదలుపెట్టింది. పని చేస్తూనే కబుర్లు చెప్పింది. పైన ఒక ముసలాయన ఉన్నాడు నాన్నా, నీకంటే తక్కువ మాట్లాడతాడు, మీ ఇద్దర్నీ ఒకే అరుగుమీద కూర్చోబెట్టి వినోదం చూస్తాను అంది. మలుపు దగ్గర మబ్బులు కాళ్లకింద ఉంటాయి అంది. కథ చెప్పేవాళ్లకు ఊఁ కొట్టేవాడు కావాలి. ఆమెకు చిన్నప్పటినుంచీ ఆ కొరత తెలియదు. అందుకే కాబోలు, ఊఁ లేకుండానే కథ నడిచిపోయింది.

పన్నెండుకి నర్సు మందులు తెచ్చింది. వాటిని ఐసుతో సహా పెట్టెలో సర్దాలని కూతురు ముందు సీటుమీదకి ఎక్కి వంగింది.

"కొంచెం జరుగు నాన్నా, పెట్టె మూత తెరవాలి."

జరగలేదు. భుజం తట్టింది. తల ఆమె చేతిమీదకి వాలింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఒళ్లో గాలి గొట్టం ఉంది. కళ్లు తాను నిలబెట్టిన టైరు మీదే ఉన్నాయి.

"మామయ్యా" అంది. "మామయ్యా, నాన్న ఊఁ అనడం లేదు."

ఇటు బోల్టులు వేసిన పెట్టె. అటు తన చేతులతో బిగించిన టైరు. మధ్యలో ఆయన. పెట్టె దాటి తనంతట తాను రాలేడు, గాలి తీస్తేగానీ మనిషి బయటికి రాడు, వాల్వేమో ఆయనవైపే ఉంది. తండ్రి భుజంమీదుగా చెయ్యి చాచి, వాల్వులోని పుల్లను కూతురే నొక్కింది. ఉస్సుమంటూ గాలి వచ్చింది. అంత పెద్ద టైరులో గాలి పోవడానికి ఎంతసేపు పట్టాలో అంతసేపూ పట్టింది.

బల్లమీద పడుకోబెట్టాక నర్సు మెడ తాకి చూసింది. కనురెప్ప ఎత్తి చూసింది. "గుండె ఆగి అరగంట దాటి ఉంటుంది" అంది మెల్లగా.

అరగంట. "పరుపూ దిండూ అన్నానే... అయ్యో, పరుపూ దిండూ అన్నానే" అని బావమరిది అదే మాట తిప్పి తిప్పి అన్నాడు.

కూతురు ఏడవలేదు. జీపు వైపు చూస్తూ "ఐసు కరుగుతుంది" అంది. ఎవరికీ అర్థం కాలేదనుకుని మళ్లీ అంది. "ఐసు కరిగిపోతుంది మామయ్యా. బండి వెళ్లాలి."

నర్సు తాళాలు అందుకుంది. ఆ దారి తనకు తెలుసు, జీపు తోలడమూ వచ్చు. బావమరిది మళ్లీ సబ్బు పూసి, స్టెప్నీని మళ్లీ లోపలికి తోసి, ఈసారి వాల్వును బయటివైపు పెట్టి గాలి కొట్టాడు. సరిగ్గా బావ కూర్చోబెట్టినట్టే కూర్చుంది.

మూత కోసం వెతికారు. పెట్టె చుట్టూ తడిమారు. పిడికిళ్లు విప్పి చూశారు. బావమరిది కళ్లు తుడుచుకుని ఆయన నోట్లోనూ చూశాడు. లేదు. జీపు మూత లేకుండానే కొండదారి పట్టింది.

చేతులకంటిన సబ్బు కడుక్కోవడానికి కూతురు తొట్టి దగ్గరికి వెళ్లింది. వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

తొట్టి గట్టుమీద, ఆయన పెట్టినచోటే ఉంది, రెండు పంటిగాట్లు పడిన చిన్న నల్ల మూత.