కండక్టరమ్మ మెదడు ఫొటో

నేను ఒక ఎమ్మారై ఫిల్మును. కాకినాడలోని ఓ స్కానింగు సెంటర్లో ప్రింటరు లోంచి వెచ్చగా బయటపడ్డాను. నా ఒంటి నిండా బస్సు కండక్టరు సువార్త మెదడే, ఇరవై ముక్కలుగా. ఆ ముక్కల్లో అక్కడక్కడా తెల్లటి మచ్చలు.

పుట్టిన గంటకే నాకు గొప్ప మర్యాద దక్కింది. ఓ డాక్టరు నన్ను లైటు పెట్టెకు తగిలించి, నాతోనే మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్న సువార్త వైపు చూస్తే ఒట్టు. "మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల పైపొర దెబ్బతినే జబ్బు" అన్నాడు. ఆమె కాళ్లు మొద్దుబారడం, ఓ కన్ను మసకేయడం నిజమే. ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

నాలుగు నెలలైనా కాళ్లకు బలం రాలేదు సరికదా, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి టిక్కెట్ల మిషను నొక్కడానికీ వచ్చేది కాదు. ఎండలోకి వెళితే బుగ్గలు ఎర్రగా కందిపోయేవి. నోట్లో పుళ్లు. ఇవన్నీ చెప్పబోతే, "అవి చిన్న విషయాలమ్మా, ఫిల్ములో అంతా స్పష్టంగా ఉంది" అన్నాడు డాక్టరు.

సువార్త బల్ల పట్టుకుని లేచింది. "నా వేళ్ల నొప్పి ఆ ఫిల్ములో ఎక్కడుందో చూపెట్టండి డాట్రుగారూ. చూపెడితే నోరు మూసుకుని ఇంజెక్షను చేయించుకుంటాను."

నా ఒంట్లో ఎంత వెతికినా అది లేదు.

"పెద్ద డాట్రుగారితో అలాగేనేటే మాట్టాడేది?" అని భర్త ప్రభుదాసు మెట్లు దిగుతూ గొణిగాడు.

"నొప్పి నాది. నేను కాపోతే ఎవరు మాట్టాడతారు?" అంటూ ఆమె నన్ను చంకలో పెట్టుకుని విశాఖపట్నం బస్సెక్కింది.

అక్కడ డాక్టరు ఇందుమతి నన్నొకసారి చూసి పక్కన పెట్టేసింది. నాకు చిన్నతనమనిపించింది. గంటసేపు సువార్తనే అడిగింది. జుట్టు రాలుతోందా? ఎప్పుడైనా కడుపు పోయిందా?

"రెండుసార్లండి" అంది సువార్త. ఆ మాట అంతవరకూ ఏ డాక్టరూ అడగలేదు.

రక్తం, మూత్రం, వెన్నులోని నీరు పరీక్షలకు వెళ్లాయి. వారం తర్వాత ఇందుమతి చెప్పింది. "ఇది లూపస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒళ్లంతటి మీదా తిరగబడింది. కీళ్లు, చర్మం, మూత్రపిండాలు, మెదడు, దేన్నీ వదల్లేదు. మచ్చలు రెండు జబ్బుల్లోనూ ఇలాగే కనబడొచ్చు. వైద్యం మాత్రం వేరు."

వెంట వచ్చిన ప్రభుదాసు తల పట్టుకున్నాడు. సువార్త ఏడవలేదు. "అయితే సరైన మందు రాయండి. నేను డ్యూటీ ఎక్కాలి."

ఏడాదికి ఎక్కింది. కంటి మసక పూర్తిగా పోలేదు. మందులు ఇప్పటికీ మింగుతూనే ఉంది.

తర్వాత ఇందుమతి తన విద్యార్థుల పాఠం కోసం నన్ను అడిగింది. "ఇస్తానండి. కానీ దాన్నొక్కదాన్నే పంపను, నేనూ వస్తాను" అంది సువార్త.

క్లాసులో నన్ను లైటు మీద పెట్టగానే ముప్పైమంది ఒక్క గొంతుతో "మల్టిపుల్ స్క్లెరోసిస్!" అన్నారు. సువార్త ముందుకొచ్చింది. నన్ను లాగి బల్ల మీద బోర్లా పడేసింది.

"మనిషిని ఇక్కడున్నాను. ఇప్పుడు అడగండి."

కుర్చీలన్నీ ఆమె వైపు తిరిగాయి. నేను బోర్లా పడుకునే వింటున్నాను. మొదటి ప్రశ్న వచ్చింది.