ఐబెన్‌ఫెల్స్‌లో లేని వంతెన

పొద్దున్న చూసిన మొదటి కోటలో లోరెంజ్ ఒక్క మాట కూడా తడబడలేదు. అందుకు సంతోషించాల్సింది పోయి ఒటీలియెకు ఇంకా భయం వేసింది. మంచి రోజు ఇంతసేపు నిలబడటం ఈమధ్య ఆమె ఎరగదు.

ట్రుటెన్‌స్టైన్ అంటే కప్పూ తలుపులూ కిటికీ అద్దాలూ అన్నీ ఉన్న కోట. అక్కడ గోడలే దారి చూపిస్తాయి, మనిషి తప్పిపోయే వీల్లేదు. లోరెంజ్ వంటశాల పొగగొట్టం కింద నిలబడి, ఎద్దును గుచ్చి ఎలా తిప్పుతూ కాల్చేవారో చెబుతుంటే, పాత కోటలు చూస్తూ తిరిగే కోటల సంఘం వాళ్ళంతా ఎప్పటిలాగే నోళ్ళు తెరుచుకుని విన్నారు. అతని భార్య ఒటీలియె మాత్రం ఆ కథ వినలేదు. పరీక్షలో పద్యం అప్పజెప్పే పిల్లాడి తల్లిలా అతని పెదాలనే చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం వెళ్ళాల్సింది ఐబెన్‌ఫెల్స్‌కి. అక్కడ కోట లేదు. ఎప్పుడో రైతులు తిరగబడి తగలబెట్టారు. కాలగా మిగిలిన రాళ్ళను కింది ఊరివాళ్ళు పందుల దొడ్లు కట్టుకోవడానికి మోసుకుపోయారు. ఇప్పుడున్నది అడవి మధ్య ఒక గుట్ట, దాన్ని కొండ నుంచి వేరుచేస్తూ బండలో తొలిచిన లోతైన కందకం, అంతే. జర్మనీలోని ఈ ఫ్రాంకోనియా కొండల్లో ఇలాంటి కోట లేని కోటలు అడుగడుగునా ఉంటాయి. మామూలు మనుషులు అక్కడ పుట్టగొడుగులు ఏరుకుని తమ దారిన తాము పోతారు. ఈ సంఘం వాళ్ళు మాత్రం చలికి వణుకుతూ నిలబడి, లేని గోడల వంక తలలెత్తి చూస్తారు. పిచ్చివాళ్ళు అనుకుంటే అనుకోండి, వాళ్ళకేం పట్టదు.

లేని కోటకూ ఒక మర్యాద ఉందని వాళ్ళకు నేర్పింది లోరెంజే. ఎక్కడ పడితే అక్కడ గుట్ట ఎక్కకూడదు. ఒకప్పుడు వంతెన ఉన్న చోటికే వెళ్ళి, కందకం ఒడ్డున నిలబడి, లోపలికి రావచ్చా అని అడగాలి. లోరెంజ్ చేతికర్రతో బండను తట్టి తలుపు తీయమంటాడు. వెనకనుంచి బర్టోల్డ్ గొంతు బొంగురుగా పెట్టి కావలివాడిలా బదులిస్తాడు. బర్టోల్డ్ నిన్నమొన్నటి దాకా మాంసం కొట్టు నడిపిన మనిషి, ఆ గొంతు అతనికి బాగా నప్పుతుంది. అందరూ నవ్వుతారు. అప్పుడు లోరెంజ్ వెనక్కి తిరిగి, వంతెన లేదు కనక మనం మేకల్లా పోదాం పదండని, పక్కనున్న కాలిబాటలో కందకంలోకి దింపి అవతలికి ఎక్కిస్తాడు. ఈ తంతు కాకుండా గుట్ట ఎక్కినవాడు దొంగ కింద లెక్క. సాయంత్రం సత్రంలో అందరికీ బీరు వాడే పోయించాలి.

ఒటీలియె భయం మొదలైంది ఈస్టరు పండగప్పుడు. రొట్టెల కొట్టుకని వెళ్ళిన లోరెంజ్ చర్చి మెట్ల మీద కూర్చుని దొరికాడు. ఎవరికోసమని అడిగితే, కోట తలుపులు తీసేదాకా ఆగమన్నారు అన్నాడు. ఆ తర్వాత అప్పుడప్పుడూ అన్నం బల్ల దగ్గర చెంచా ఆపి, గడియ వేశారా అని అడిగేవాడు. కోట లేదు, ఏమీ లేదు, ఇది మన వంటిల్లు అని చెబితే కంగారుపడి లేచిపోయేవాడు. వేశారు లోరెంజ్, ఇద్దరు కాపలా ఉన్నారు, నువ్వు తిను అంటే నెమ్మదించి తినేవాడు. ఆమె అలా అనడమే అలవాటు చేసుకుంది.

చలికాలం ముందు సంఘం చివరి నడకకు దారి చూపేది ఎప్పుడూ లోరెంజే. ఈసారి వద్దని చెప్పడానికి ఒటీలియె సంఘం కార్యదర్శి ఇంటిదాకా వెళ్ళింది. కాఫీ తాగింది, వాతావరణం మాట్లాడింది, నోరు పెగలక తిరిగొచ్చింది. చిన్న ఊరు. ఒకరి చెవిన వేస్తే ఊరంతా అతన్ని జాలిగా చూస్తుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. కోటల దగ్గర అతను ఇంకా పాత లోరెంజే. ఆ లోరెంజ్‌తో ఒక్క రోజు గడపాలని ఆమెకు ఆశగా ఉంది. ఆశకు సిగ్గేమిటి? అయితే ఆ ఆశకు ఎంత మూల్యం కట్టాలో ఆమె అప్పుడు అడగలేదు.

అడవిలోకి వచ్చేసరికి పొగమంచు దిగింది. బీచ్ జాతి చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి, కొమ్మలు కనిపించడం లేదు. కింద తడిసిన ఆకులు కాలు నిలవనివ్వడం లేదు. దారి చీలిన చోట లోరెంజ్ ఆగాడు. ఆ చీలిక అతనికి ఇంటి గుమ్మమంత తెలుసు. ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, చేతికర్ర మీద వేళ్ళు మార్చి మార్చి పట్టుకున్నాడు. ఒటీలియె వెంటనే దగ్గి, ఎడమ దారిలో నాలుగడుగులు వేసి, ఇక్కడ గాలి తక్కువగా ఉంది అంది. అతను ఆమె వెంట వచ్చాడు. ఎవరూ గమనించలేదు.

ఇక్కడితో ఆపేద్దామా అనిపించింది ఆమెకు. మోకాలు నొప్పని చెబితే చాలు, అందరూ వెనక్కి తిరుగుతారు. కానీ లోరెంజ్ అప్పటికే కర్ర ఊపుకుంటూ ముందుకు నడుస్తున్నాడు. ఎన్నాళ్ళకో కనిపించిన హుషారు. మోకాలి మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.

కందకం దగ్గరికి వస్తున్నామనగా ఆమె అతని పక్కకు చేరబోయింది. సరిగ్గా అప్పుడే వెనక హెడ్విగ్ అనే ఆవిడ ఆకుల మీద జారి ఒటీలియె చెయ్యి పట్టుకుంది. ఆవిణ్ణి లేపి నిలబెట్టి తలెత్తేసరికి లోరెంజ్ ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ వంతెన ఒకప్పుడు ఆనిన రాతి దిమ్మె ఇప్పటికీ కందకంలోకి పొడుచుకొచ్చి ఉంది. వెడల్పు ఒక బల్లంత. మూడు పక్కలా నిట్టనిలువు గోడ, అడుగున రాళ్ళు. లోరెంజ్ ఎప్పుడూ దిమ్మెకు ఇవతలే నిలబడేవాడు, మిగతావాళ్ళను కూడా అక్కడే ఆపేవాడు. ఇవాళ దిమ్మె మీదే ఉన్నాడు. పొగమంచులో అతని గోధుమరంగు కోటు సగమే కనిపిస్తోంది.

అతను కర్రతో బండను తట్టాడు.

"కావలివాడా, తలుపు తీస్తావా?"

బర్టోల్డ్ కడుపులోంచి గొంతు తెచ్చాడు. "తీశాం దొరా, దయచెయ్యండి. బూట్లు తుడుచుకుని మరీ రండి!"

అందరూ నవ్వారు. లోరెంజ్ నవ్వలేదు, వెనక్కి తిరగలేదు. ఒద్దికగా రెండు బూట్లూ బండకు రాసి తుడిచాడు. పెద్దమనుషుల ఇంట్లోకి అడుగుపెట్టేవాడిలా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకో అడుగు ముందుకు వేశాడు.

వాళ్ళకు నవ్వు ఇంకా ఎక్కువైంది. ఇవాళ మనవాడు నాటకాల్లో చేరాడని బర్టోల్డ్ పక్కవాళ్ళతో అన్నాడు. ఒటీలియెకు మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. అతను నటించడం లేదని ఆమెకు తెలుసు. ఆ మంచులో అతనికి వంతెన కనిపిస్తోంది. పలకలూ గొలుసులూ దీపం వెలిగించిన ద్వారమూ, ఇన్నేళ్ళూ అందరికీ చూపించినవన్నీ ఎదురుగా ఉన్నాయి.

"లోరెంజ్!" అని గట్టిగా పిలిచింది.

ఆ పిలుపు కందకం దాటి అవతలి బండకు తగిలి, అటునుంచి తిరిగొచ్చింది. అతను తలెత్తి ఆ వైపే చూశాడు.

"వస్తున్నా టీలీ," అన్నాడు ఎప్పుడూ పిలిచే ముద్దుపేరుతో, మంచులోకి. "ఒక్క నిమిషం."

కాలు ముందుకు జరిగింది. ఒక రాయి ఊడి కిందికి పోయింది. అది అడుగుకు చేరిన చప్పుడు కాసేపటికి గానీ వినపడలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఒటీలియె మళ్ళీ పిలవబోయి ఆగింది. పిలిస్తే తను లోపలినుంచే పిలుస్తోందనుకుని ముందుకు నడిచేస్తాడు. పరుగెత్తుకెళ్ళి పట్టుకుందామంటే దిమ్మె మీద ఇద్దరికి చోటు లేదు, ఉలిక్కిపడితే అంతే సంగతులు. బర్టోల్డ్ ఏదో అరవబోతుంటే అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వంతెన లేదని చెబితే అతను నమ్మడు. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పి చూడలేదు?

ఆమె గొంతు మార్చింది. పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సిన ఉద్యోగం చేసేవాళ్ళ గొంతు అది, కటువుగా, నింపాదిగా.

"ఎవరండీ అక్కడ? ఆగండి. వంతెన ఇంకా దించలేదు."

అతని కాలు గాల్లోనే ఆగింది. "ఇప్పుడే తీశామన్నారుగా?"

"తలుపు తీశారు. వంతెన గొలుసు తెగింది, బాగుచేస్తున్నారు. అక్కడ నిలబడకూడదు. వెనక్కి రండి."

"మా ఆవిడ లోపలుంది. పిలిచింది, నేను విన్నాను."

ఒటీలియె కళ్ళు మూసుకుంది. గొంతు వణకనివ్వకూడదు. "ఆవిణ్ణి పక్కదారిలో తీసుకొస్తున్నారు. మీరు ఇటొచ్చి కూర్చోండి. తిరగకండి, అలాగే వెనక్కి వెయ్యండి అడుగు. ముందు కర్ర వెనక్కి ఆనించండి. ఊఁ. ఇంకొకటి."

అతను చిన్నప్పటి నుంచీ నియమాలకు కట్టుబడిన మనిషి. కావలివాళ్ళు వద్దన్నచోట నిలబడే రకం కాదు. కర్ర ఆనించి, అడుగు వేసి, మళ్ళీ కర్ర ఆనించాడు. ఒకసారి మడమ జారింది. హెడ్విగ్ చిన్నగా కేక వేసి నోరు నొక్కుకుంది. ఒటీలియె నోటివెంట మాత్రం అదే గొంతు వచ్చింది, ఇంకొకటి, ఇంకొకటి అని. కోటు అంచు చేతికి అందగానే గుప్పిట్లో బిగించి ఒక్క లాగు లాగింది. ఇద్దరూ కలిసి ఆకుల్లో కూలబడ్డారు.

బర్టోల్డ్ వాళ్ళ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. దయచెయ్యమన్నది నేనే, నేనే రమ్మన్నాను అని పదే పదే అంటున్నాడు.

"నీ తప్పేం లేదు బర్టోల్డ్," అంది ఒటీలియె. "ఈస్టరు నుంచీ ఈయనకి దారులు గుర్తుండటం లేదు. మనుషులు కూడా ఒక్కోసారి. నాకు తెలుసు. తెలిసే మీ అందరినీ ఈయన వెంట తీసుకొచ్చాను. ఆపమని అడిగితే కారణం చెప్పాల్సొస్తుందని నోరు మూసుకున్నాను."

ఒకరు కండువా విప్పి లోరెంజ్ మెడకు చుట్టారు. కార్ల దాకా ఇద్దరిద్దరు చెయ్యి పట్టుకుని నడుద్దామని బర్టోల్డ్ నెమ్మదిగా అన్నాడు. వాళ్ళు దారి చూసుకోవడానికి నాలుగడుగులు అటు జరిగారు. ఆమె, లోరెంజ్ ఆ తడి ఆకుల్లోనే కూర్చున్నారు. అతను ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపు కందకం వైపు చూశాడు. మొహంలో ఇందాకటి హుషారు దిగిపోయింది.

"అక్కడ వంతెన లేదు కదండీ?" అన్నాడు మెల్లగా.

"లేదు," అంది.

అతను తలూపాడు. ఆమె మొహంలోకి చూశాడు. దారిలో సాయం చేసినవాళ్ళను చూసినట్టు, కృతజ్ఞతగా, కొత్తగా చూశాడు.

"మీరు మంచివారిలా ఉన్నారు. నాకు ఇలా అవుతోందండీ, పోయిన చలికాలం నుంచీ. ఇంట్లో ఎవరికీ తెలీకుండా నెట్టుకొస్తున్నాను." ఒకసారి చుట్టూ చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "ఇందాక జరిగింది మా ఆవిడతో అనకండి. తను భయపడుతుంది."

పోయిన చలికాలం. అంటే ఈస్టరుకు ఎంతో ముందు. ఆమెకేమీ తెలియని రోజుల్లో అతనొక్కడే ఈ భయాన్ని మోశాడు.

ఒటీలియె అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అననండీ," అంది.